జారే కొస

వెనకపలక విప్పగానే తెలిసింది
నాకంటే ముందు ఎవరో ఇక్కడికొచ్చి వెళ్ళారని.
లోపలివైపు సూదితో గీసిన తేదీ:
డెబ్భై ఎనిమిది, మార్చి.
పక్కన నాకు కొరుకుడుపడని రెండక్షరాలు.
మంచి చెయ్యే. ఒక్క మర తలైనా చెదరలేదు.

కోవెంట్రీ మార్కెట్లో
తాళంచెవులు కోసే యంత్రానికీ చేపల కొట్టుకీ మధ్య నా బల్ల.
డోరీన్ హాబ్లీ సోమవారం తెచ్చింది దీన్ని.
"రాత్రి మూడున్నరకి ఆగిపోతోంది" అంది.
మూడున్నరకి తనెందుకు మెలకువగా ఉందో చెప్పలేదు.
నేనడగలేదు.

"కీ ఇవ్వక్కర్లేని వాచీ కదా?"
నిజమే, అక్కర్లేదు.
చెయ్యి కదిలితే లోపల అరచందమామ బరువొకటి ఊగుతుంది.
టీ కలిపినా, కుక్కని తిప్పినా,
బస్సు వెళ్ళిపోయాక దాని వెనక చెయ్యి విసిరినా
అదంతా పోయి ఈ భరిణెలో పోగవుతుంది.

భరిణె నా బొటనవేలి గోరంత.
మూత టిక్కుమని ఊడింది.
పాత స్ప్రింగుని బయటికి తీస్తే చాచుకోలేదు,
చుట్టుకున్నది చుట్టుకున్నట్టే పడుంది,
రైలు దిగినా ఇంకా సీట్లోనే ఉన్నట్టు
నడుం వంచి నడిచే మనిషిలా.

కీ ఇచ్చే వాచీల్లో స్ప్రింగు చివర కొక్కెం ఉంటుంది.
నిండాక కూడా తిప్పితే తెగుతుంది.
మా బాబాయి ఒకసారి రేడియో వార్తలు వింటూ తిప్పి తెంచాడు.
ఆ చప్పుడుకి
వార్తలు చదివే ఆవిడ కూడా ఒక్క క్షణం ఆగినట్టనిపించింది.

ఇందులో కొక్కెం లేదు.
కొస గోడకి ఒరుసుకుని నిలబడుతుంది, అంతే.
నిండితే కాస్త జారి మళ్ళీ పట్టుకుంటుంది,
వడ్డించేవాళ్ళు వదలకపోతే
విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు.

ఆ జారుడు కోసమే గ్రీజు.
గోడ మీద నాలుగు చోట్ల, ఆవగింజని నలుగురికి పంచినంత.
తక్కువైతే కొస మొండికేస్తుంది,
చక్రం గుర్రంలా తంతుంది, గంటలు ముందుకి ఉరుకుతాయి.
ఎక్కువైతే నిండకముందే జారుతుంది,
తెల్లారకుండానే ఖాళీ.
డెబ్భై ఎనిమిది మార్చి ఇక్కడ తప్పింది:
గోడంతా నల్లగా, అట్లపెనానికి పులిమినట్టు.
మంచి చెయ్యే, కాని ధారాళం.

కొత్తది రింగులో చుట్టి వచ్చింది బర్మింగ్‌హామ్ నుంచి.
విప్పితే జానెడున్నర, మందం వెంట్రుకంత.
రింగుని భరిణె మీద ఆనించి
జంతికల గొట్టంలో పిండి నొక్కినట్టు నొక్కాలి,
వంకర లేకుండా, ఒకే ఊపులో.

మొదటిది ఎగిరిపోయింది.
చేపల కొట్టు కీరన్ మంచుగడ్డలు తవ్వి తవ్వి
ఒక మాకెరెల్ మొప్పలోంచి బయటికి లాగాడు.
"నీదేనా?"
నాదే. పనికిరాదు.

రెండోది గురువారానికి వచ్చింది.
బయట వాన. తాళంచెవుల యంత్రం ఆగేదాకా ఆగాను.
నొక్కాను.
దిగింది.
నడిమి ఇరుసు గుచ్చి తిప్పితే లోపలి కన్ను కొక్కేన్ని అందుకుంది.
మూత వేసి మళ్ళీ తిప్పాను. ఆరు, ఏడు, ఏడున్నర...
చెవి దగ్గర పెట్టుకున్నాను.
ఎవరో గడప మీద పాదం ఈడ్చినంత చప్పుడు.
జారింది. పట్టుకుంది.

బల్ల మీద నలభై ఒక్క గంటలు నడిచింది.
వెనకపలకలో ఆ రెండక్షరాల కింద
నావీ రెండు గీశాను, తెలుగులో.
తరవాత తెరిచేవాళ్ళు తల గోక్కుంటారు.

మళ్ళీ వారం డోరీన్ వచ్చింది.
"ఆగట్లేదు" అంది, ఫిర్యాదు చేస్తున్నట్టే.
"మూడున్నరకి చూస్తే నడుస్తూనే ఉంది."
ఏమనాలో తోచక, గాజు తుడిచి ఇచ్చాను.
చేపల కొట్టు దాటి వెళ్ళింది,
ఎడమ చెయ్యి ఊపుకుంటూ,
అవసరమైనదానికన్నా కాస్త ఎక్కువే.

పరవాలేదు.
జారుతుంది.